బొమ్మరిల్లు నుండి తెరమీది ఇంటి వరకు
(ఆటలలో గృహాలంకరణ సూత్రాలు – ఒక పరిశీలన)

ఆటలో కట్టుకొనే ఇంటికి తెలుగులో ఎప్పటినుండో ఒక పేరున్నది. అదే బొమ్మరిల్లు. అరుగు చివర నాలుగు గీతలు గీసి, ఇది వంటిల్లు, ఇది పడకగది, ఇది వాకిలి అని పిల్లలు నిర్ణయించుకొనగానే ఇల్లు సిద్ధమవుతుంది. కొబ్బరి చిప్ప గిన్నె అవుతుంది. అగ్గిపెట్టె మంచమవుతుంది. ఇసుక బియ్యమవుతుంది. ఉన్న నాలుగు వస్తువులతో లేని నలభై వస్తువులను సృష్టించుకొనుట ఈ ఆటలోని రహస్యం.

ఈ బొమ్మరిల్లు నేడు అరచేతిలోని తెరమీదికి చేరినది. మైన్‌క్రాఫ్ట్ వంటి ఆటలలో మన విద్యార్థులు ఇండ్లు కట్టుకొంటున్నారు, సామాను అమర్చుకొంటున్నారు, ఎక్కడో దూరాన ఉన్న మిత్రులను ఆ ఇంటికి పిలుచుకొంటున్నారు. అట్టి ఇంటిని అందంగా తీర్చిదిద్దుటకు ఆటగాళ్లు కనిపెట్టిన ఉపాయాలు ఏవి, వాటి వెనుకనున్న సూత్రాలు ఏవి అన్నది ఈ వ్యాసంలో పరిశీలింపదలచితిమి. కళాశాల సంచికలో ఆటల ముచ్చట ఏల అని కార్యవర్గం పెద్దలకు సందేహం కలుగవచ్చును. ఆ సందేహం న్యాయమైనదే. ముందు విషయాన్ని వివరించి, చివర దానికి సమాధానం మనవి చేసుకొంటాము.

కొంత చరిత్ర

1986లో అమెరికాలోని లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ సంస్థ హాబిటాట్ అను ఆటను ప్రయోగాత్మకంగా నడిపినది. కమొడోర్-64 అను చిన్న కంప్యూటర్లను టెలిఫోను తీగలతో కలిపి ఆడిన ఆ ఆటలోనే ఆటగానికి తనదైన ఒక ఇల్లు ఉండినది. 1997లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్‌లో వేలమంది ఒకే లోకంలో ఇండ్లు కట్టుకొన్నారు. 2000లో విల్ రైట్ రూపొందించిన ది సిమ్స్ వెలువడినది. 1991లో కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఓక్లండ్ ప్రాంతంలో చెలరేగిన అగ్నిప్రమాదంలో ఆయన సొంత ఇల్లు కాలిపోయినది. మరల ఇల్లు కూర్చుకొనవలసి వచ్చినప్పుడు, మనిషికి నిజంగా ఏయే వస్తువులు కావలెనన్న ఆలోచన ఆయనకు కలిగినది. ఆ ఆటకు మూలం అదే. 2011లో స్వీడన్ దేశం నుండి మైన్‌క్రాఫ్ట్, 2013లో జపాను నుండి పునర్నిర్మితమైన ఫైనల్ ఫాంటసీ-14 వచ్చినవి. 2020 మార్చిలో, ప్రపంచం తలుపులు మూసుకొని కూర్చున్న రోజులలో, యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్ వెలువడి, ఎందరికో ఇంటిలో ఉండియే మరొక ఇంటిని అలంకరించుకొనే అవకాశమిచ్చినది.

మొదటి సూత్రం: పరిమితిని లెక్కించుట

తెరమీది ఇంటికి హద్దు ఉండదని చాలామంది భావిస్తారు. ఇది సరికాదు. ఫైనల్ ఫాంటసీ-14లో ఇంటి పరిమాణాన్ని బట్టి ఇన్ని వస్తువులే పెట్టవలెనని కట్టడి ఉన్నది. 2003లో మొదలైన సెకండ్ లైఫ్‌లోనూ నేల విస్తీర్ణాన్ని బట్టి వస్తువుల సంఖ్యకు పరిమితి ఉన్నది. కావున నేర్పరి అయిన అలంకర్త మొదట లెక్క వేసుకొంటాడు. చూపరి గుమ్మంలో నిలిచినప్పుడు కంటికి ఎదురుగా వచ్చు చోటికి సగం వస్తువులు కేటాయిస్తాడు. కంటికి ఆనని మూలలకు ఏమీ కేటాయించడు. ఖాళీగా విడిచిన నేల కూడ అలంకరణయే అని అతడు తెలిసికొంటాడు.

ఈ లెక్క మన ప్రాంతానికి కొత్తది కాదు. మిరప కోతల కాలంలో కర్నూలు మొదలగు ప్రాంతాల నుండి కూలి కుటుంబాలు గుంటూరు, ప్రకాశం పల్లెలకు వచ్చి, చేల దగ్గర గుడారాలు వేసుకొని వారాల తరబడి ఉంటారు. ఆ గుడారంలోనికి తొంగి చూచినవారికి తెలుస్తుంది. పొయ్యి గాలివాటుకు ఎడంగా ఉంటుంది. బియ్యం మూట నేలకు తగులకుండ రాళ్లపై ఉంటుంది. పగలు మడిచిన పరుపులే కూర్చొనుటకు పీట. చిన్న అద్దం, దువ్వెన గుడారపు గుంజకు వేలాడుతుంటాయి. తప్పనిసరియై నేర్చిన ఆ సర్దుబాటు ఏ పాఠశాలలోనూ బోధింపబడలేదు. అయినను దానిలో ఒక్క వస్తువు అనవసరమైన చోట కనిపించదు.

రెండవ సూత్రం: ఒకటి మరొకటిగా మారుట

ఈ కళకు ప్రాణమైన సూత్రం ఇది. అల్టిమా ఆన్‌లైన్ తొలినాళ్లలో పియానో అను వస్తువు లేదు. ఆటగాళ్లు ఊరుకొనలేదు. పెట్టెలు, మడిచిన బట్టలు, చదరంగపు పలక మొదలగు వాటిని ఒకదానిపై ఒకటి పేర్చి, దూరం నుండి చూచినవారు పియానో అని భ్రమపడునట్లు చేసినారు. మైన్‌క్రాఫ్ట్‌లో కుర్చీ లేదు. ఒక మెట్టు రాతిని పెట్టి, దానికి ఇరువైపుల రెండు సూచిక పలకలు తగిలిస్తే అది చేతుల కుర్చీ అవుతుంది. కంచె గుంజపై ఒక పలుచని పలక ఉంచితే బల్ల అవుతుంది. నేలకు వేయు మూతతలుపును గోడకు బిగిస్తే కిటికీ రెక్క అవుతుంది. గోడలోని సందును ఒక చిత్రపటంతో మూసితే రహస్య ద్వారమవుతుంది.

ఇవి పిల్లల చమత్కారాలని తేలికగా తీసివేయరాదు. ఏలూరు జిల్లాలోని గుంటుపల్లి కొండలో క్రీస్తు పూర్వపు శిల్పులు తొలిచిన గుండ్రని చైత్యాన్ని చూడవలెను. లోపల తల పైకెత్తితే పూరింటి కప్పులోని వాసాలవలె రాతిలో పక్కటెముకలు కనిపిస్తాయి. రాతి కప్పుకు వాసాలతో పనిలేదు. కొండ తనంతట తానే నిలుస్తుంది. అయినను ఇల్లన్న భావం కలుగుటకు శిల్పి రాతిని కొయ్యగా నటింపజేసినాడు. సంక్రాంతికి మన పొరుగిండ్లలో పెట్టు బొమ్మల కొలువు చూడుడు. ట్రంకు పెట్టెలు, పీటలు, పుస్తకాల దొంతరలు తెల్లని దుప్పటి క్రిందికి చేరి రాజసభ మెట్లవుతాయి. మొహర్రంలో వెదురు బద్దలకు రంగు కాగితాలు అంటించి కట్టు తాజియా మహాభవనపు రూపు దాల్చుతుంది. వీటన్నిటిలోను పని ఒక్కటే. వస్తువు పేరును మరచి దాని ఆకారాన్ని మాత్రమే చూచుట. విద్యార్థి ఈ చూపును అలవరచుకొన్ననాడు అలంకరణలో సగం నేర్చినట్లే.

మూడవ సూత్రం: లోతు కల్పించుట

మైన్‌క్రాఫ్ట్‌లో కొత్తగా ఇల్లు కట్టువారు గోడను ఒకే మట్టాన పలకవలె నిలబెడతారు. అది పెట్టెవలె కనిపిస్తుంది గాని ఇల్లువలె కనిపించదు. అనుభవజ్ఞులు కిటికీని ఒక అడుగు లోనికి జరుపుతారు, స్తంభాన్ని ఒక అడుగు బయటికి తెస్తారు, కప్పును గోడ దాటి ముందుకు దించుతారు. అప్పుడు గోడపై వెలుగునీడలు ఏర్పడి ఇంటికి జీవం వస్తుంది. రెంటచింతల ఎండలు ఎరిగిన మన పల్నాటివారికి ఇది వివరించి చెప్పనక్కరలేదు. చూరు దించుట, వసారా తీయుట మనకు అందం కొరకు కాక నీడ కొరకు పుట్టినవి. ఆటలోని సూర్యుడు ఎవరినీ కాల్చడు. అయినను చూరు లేని ఇల్లు కంటికి వెలితిగానే తోస్తుంది. ఏలయన, ఒకప్పుడు శరీరానికి అవసరమైనదే కాలక్రమాన కంటికి అందమై నిలిచినది.

యానిమల్ క్రాసింగ్ ఆటగాళ్లు మరొక ఉపాయం పన్నినారు. ముందు పెద్ద వస్తువులను, వెనుక అదే జాతికి చెందిన చిన్న వస్తువులను ఉంచి, కొద్దిపాటి స్థలంలోనే దూరపు ఊరు కనబడునట్లు చేస్తారు. దృష్టిభ్రమకు ఇది చక్కని ఉదాహరణ. తక్కువ లోతులో ఎక్కువ లోకాన్ని చూపు విద్యకు మన కృష్ణాతీరమే పెట్టినది పేరు. అమరావతి స్తూపపు శిల్పాలలో నలగిరి ఏనుగును బుద్ధుడు శాంతింపజేసిన వృత్తాకార ఫలకం ఉన్నది. నేడది చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో కలదు. ఆ ఒక్క వృత్తంలోనే ఏనుగు ఒకవైపు మదించి జనాన్ని తొక్కుతుంటుంది, మరొకవైపు మోకరిల్లి ఉంటుంది. పైన కిటికీల నుండి చూచు జనం, క్రింద పరుగెత్తు జనం. ముందున్న బొమ్మ వెనుకదానిని కొంత కప్పుట చేత వీధికి లోతు వచ్చినది. ఒక వస్తువు మరొకదానిని కొంత కప్పినప్పుడే దూరం పుట్టుతుందన్న ఈ సూత్రం తెరకు, రాతికి, నిజమైన గదికి సమానంగా వర్తిస్తుంది.

నాలుగవ సూత్రం: దీపం కాక వెలుగు కనబడుట

మైన్‌క్రాఫ్ట్‌లో చీకటి ఉన్నచోట శత్రుజీవులు పుట్టుకొస్తాయి. కావున ఆటగాళ్లు భయంతో గోడనిండ కాగడాలు గుచ్చుతారు. అది వెలుగే గాని అలంకరణ కాదు. నేర్పరి వెలుగురాయిని నేలలో అమర్చి దానిపై తివాచీ పరుస్తాడు. దీపం దాగిపోతుంది, కాంతి మాత్రం గదినిండ పరచుకొంటుంది. పాత మట్టిగోడల ఇండ్లలో దీపం పెట్టు గూడును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఉర్దూ మాట్లాడు మన ఇండ్లలో దానిని తాఖ్ అంటాము. గోడలోనికి జరిగిన ఆ చిన్న చోటు దీపాన్ని గాలి నుండి కాపాడినది, కంటికి సూటిగా తగులకుండ చేసినది, స్థలాన్ని మిగిల్చినది. ఒకే అమరికతో మూడు పనులు సాధించుట ఉత్తమ అలంకరణకు గుర్తు.

ఐదవ సూత్రం: రంగుల పాళ్లు

గృహాలంకరణ బోధించువారు సాధారణంగా చెప్పు కొలత ఒకటున్నది. గదిలో నూటికి 60 పాళ్లు ఒక రంగు, 30 పాళ్లు రెండవ రంగు, మిగిలిన 10 పాళ్లు దృష్టిని ఆకర్షించు మూడవ రంగు ఉండవలెనన్నది. ఇది నియమం కాదు, మార్గదర్శకం మాత్రమే. దీని అర్థం గ్రహింపదలచినవారు మాఘ ఫాల్గుణ మాసాలలో గుంటూరు చుట్టుపట్ల మిరప కల్లం దగ్గర నిలువవలెను. ఎకరాల కొలది ఎరుపు నడుమ ఒక్క తాలుకాయ తెల్లగా ఉన్నచో ఏరు స్త్రీల కంటికి అది వెంటనే చిక్కుతుంది. చుట్టూ ఒకే రంగు ఉండుట చేతనే ఆ ఒక్కటి కనిపించినది. సగం తాలుకాయలే అయినచో ఏదీ కనిపించదు. గదిలోనూ అంతే. పది రంగులు ఒకేసారి పలుకరిస్తే కన్ను దేనికీ బదులు చెప్పదు. చూపు ఎక్కడ నిలువవలెనో అక్కడ మాత్రమే మూడవ రంగు పెట్టవలెను.

అట్లే బరువైన ముదురు రంగులు క్రింద, తేలిక రంగులు పైన ఉండుట మంచిది. నాపరాతి పునాదిపై సున్నపు గోడ లేచిన పాత ఇల్లు మనకు నిలకడగా తోచుటకు ఇదియే కారణం.

ఆరవ సూత్రం: మనిషి జాడ

అన్నీ అమరినవి, అయినను ఇల్లు దుకాణంవలె ఉన్నదన్న విమర్శ తెరమీది ఇండ్లపై తరచు వినిపిస్తుంది. దానికి విరుగుడు మనిషి జాడ. కుర్చీని బల్లకు కొంచెం ఓరగా జరుపుట, బల్లపై తెరచిన పుస్తకం ఉంచుట, గుమ్మం దగ్గర ఒక జత చెప్పులు విడుచుట, కిటికీ దగ్గర సగం నీళ్ల గ్లాసు పెట్టుట. ఇప్పుడే ఎవరో లేచి వెళ్లినారు, మరల వచ్చెదరు అన్న భావం చూపరికి కలుగవలెను. నడచుటకు దారి విడువని గది ఎంత అందంగా ఉన్నను ఎవరి ఇల్లూ కాదు.

నిలువని ఇల్లు

ఇంతవరకు గుణాలు చెప్పితిమి. ఇక లోపాన్ని దాచకుండ చెప్పవలెను. తెరమీది ఇల్లు సాధారణంగా ఆటగానిది కాదు. అది ఆట నడుపు సంస్థ యంత్రాలలో ఉన్న ఒక లెక్క మాత్రమే. ఫైనల్ ఫాంటసీ-14లో స్థలాల కొరత వలన 2022 నుండి లాటరీ పద్ధతి పెట్టినారు. అదృష్టం కొలది ఇల్లు దొరికినను, సాధారణ నియమం ప్రకారం 45 రోజులు ఇంటిలో అడుగు పెట్టనిచో దానిని కూల్చివేస్తారు. హాబిటాట్ 1988లోనే ఆగిపోయినది. 2003లో ప్రారంభమైన స్టార్ వార్స్ గెలాక్సీస్‌ను 2011 డిసెంబరు 15న మూసివేసినారు. ఆటగాళ్లు కట్టిన పట్టణాలన్నీ ఒక్కరోజున లేకుండా పోయినవి. మన దేశంలోనూ ఎందరో ఆడిన ఫార్మ్‌విల్ 2009లో పుట్టి 2020 డిసెంబరు 31న ముగిసినది. ఆ పొలాలకు పట్టాలు లేవు, ఆ పంటకు ధర లేదు.

కావున ఇట్టి ఇంటిపై డబ్బు పెట్టునప్పుడు రెండుసార్లు ఆలోచించవలెను. తివాచీకి ఇంత, దీపానికి ఇంత అని చిన్న మొత్తాలుగా అడుగుట వలన ఖర్చు కనిపించదు. తండ్రి ఫోనులోని ఖాతా నుండి పోయిన ఆ సొమ్ము, కౌలు కట్టి ఎరువు కొన్న ఇంటిలో చిన్న మొత్తం కాదు. పందెపు ఆటల సంగతి వేరు. 2025లో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెం ఆటలను నిషేధించినది. విద్యకు, వినోదానికి ఉపకరించు ఆటలను ప్రోత్సహింపదలచినది. ఈ రెండింటిని ఒకే గాటకు కట్టి, ఫోను పట్టిన ప్రతి విద్యార్థిని జూదరిగా చూచుట న్యాయం కాదు. అట్లే, చట్టం నిషేధించనంత మాత్రాన రాత్రి రెండు గంటల వరకు ఆడుటకు అనుమతి లభించినట్లు కాదు.

తెర నుండి గదికి

ఇప్పుడు పెద్దల సందేహానికి వద్దాము. మన విద్యార్థులలో పలువురు ఒకే గది గల ఇండ్ల నుండి వచ్చుచున్నారు. ఆ గదిలోనే వంట, ఆ గదిలోనే నిద్ర, ఆ గదిలోనే చెల్లెలి చదువు, తాతగారి దగ్గు. ఇది నాది, ఇక్కడ ఈ వస్తువును నా ఇష్టప్రకారం ఉంచుతాను అని చెప్పు అవకాశం అట్టివారిలో కొందరికి, ముఖ్యంగా బాలికలకు, మొట్టమొదట తెరమీదనే లభించినది. ఆ కోరికను నవ్వి త్రోసివేయుట సులభం. కాని ఇల్లు చక్కగా ఉండవలెనన్న కోరిక లేనివాడు రేపు మంచి ఇంజనీరు కాలేడు, మంచి మేస్త్రీ కాలేడు, మంచి గృహస్థు కూడ కాలేడు. కోరికను అణచుటకంటె దానికి కొలబద్ద చేతికిచ్చుట మేలని మా అభిప్రాయం.

ఇందుకు ఒక అభ్యాసాన్ని సూచిస్తున్నాము. మీరుండు గదిని టేపుతో కొలువుడు. అది 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు ఉన్నదనుకొందాము. మైన్‌క్రాఫ్ట్‌లో ఒక దిమ్మె మీటరు కొలతకు సమానం. ఆ లెక్కన మీ గది అటు మూడు, ఇటు నాలుగు దిమ్మెలకు మించదు, ఏమీ అమర్చలేరు. కావున ఒక దిమ్మెను ఒక అడుగుగా భావించి 120 దిమ్మెల నేల పరువుడు. 7 అడుగుల తలుపుకు 7 దిమ్మెలు నిలుపుడు. మంచం, బల్ల, ట్రంకు పెట్టె, బియ్యపు డబ్బా అన్నిటిని అదే కొలతలో అమర్చుడు. ఇప్పుడు మంచాన్ని ఈ గోడ నుండి ఆ గోడకు జరుపుడు. తలుపు పూర్తిగా తెరచుకొనునా? కిటికీ వెలుగు పుస్తకంపై పడునా? అమ్మ పొయ్యి దగ్గరకు పోవుటకు ఎన్ని అడుగులు తగ్గినవి? నిజమైన మంచాన్ని పదిసార్లు జరుపుటకు ఇంటిల్లిపాది నడుములు కావలెను. తెరమీద ఒక వేలు చాలును. ఫోను లేనివారు గళ్ల నోటుపుస్తకంలో ఒక గడిని ఒక అడుగుగా తీసికొని ఇదే పని చేయవచ్చును. సూత్రం గడిలో ఉన్నది గాని యంత్రంలో లేదు.

ఒప్పుదలైన అమరిక దొరికిన తరువాత ఆదివారం నాడు ఇంటివారిని సంప్రదించి నిజమైన గదిని అట్లే సర్దుడు. పైసా ఖర్చు లేదు. పాత దుప్పటి తెర కావచ్చును. రెండు ఇటుకలు, ఒక పలక కలిసి పుస్తకాల అర కావచ్చును. మడిచిన బొంత చెల్లెలికి చదువుకొను పీట కావచ్చును. ఇట్లు సర్దిన గదుల కొలత పటాలను వార్షికోత్సవ ప్రదర్శనలో ఒక బల్లపై ఉంచు అవకాశం కల్పించవలసినదిగా కార్యవర్గం వారిని సవినయంగా కోరుచున్నాము. తెరమీది ఇండ్ల చిత్రాలు కూడ ప్రక్కన ఉండవచ్చును. అయితే ఏ సూత్రం ఏ గదిలో ఉపయోగించినదీ విద్యార్థి నోటితో వివరింపగలుగవలెను. వివరింపగలిగినచో అది విద్య, లేనిచో కాలక్షేపం.

విద్యార్థులారా! అరుగుపై గీసిన బొమ్మరిల్లు సాయంకాలానికి చెరిగిపోయెడిది. దానికై ఎవరూ కన్నీరు పెట్టలేదు. ఏలయన, ఇల్లు పోయినను కొబ్బరి చిప్పను గిన్నెగా చూచిన కన్ను పిల్లవాని దగ్గరనే మిగిలినది. నేటి తెరమీది ఇల్లు కూడ ఏదో ఒకనాడు ఆరిపోవునదే. ఆరిపోవుటకు ముందు దాని నుండి ఆ కన్నును సంపాదించుకొనుడు. మీ ఇంటిలోని ఆ ఒక్క గది మీ కొరకు వేచియున్నది.